ధైర్యం కాదు, మోకాళ్లు

పాస్టరయ్యకు వందనాలు. మాటలు నావి, రాసేదీ తెచ్చిచ్చేదీ నా కోడలు. ఒక్క మాట కూడా మెత్తగా మార్చొద్దని దానికి చెప్పాను.

నిన్న ఆరాధనలో అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. ధర్మవరంలో సువార్త చెప్పబోతే మగ్గాల వీధివాళ్లు కోప్పడ్డారనీ, అందరూ వెనక్కి వచ్చేశారనీ, నేనొక్కదాన్నే ప్రభువు కోసం నిలబడ్డాననీ అన్నారు. అది అబద్ధమయ్యా. మైకు పట్టుకుని అందరికంటే ముందు ఆటో ఎక్కింది మీరే. నేను మోకాళ్లు పట్టేసి ఎక్కలేక, ఒక ఇంటి అరుగు మీద కూలబడ్డాను. భయంతో ప్రభువు పేరు కూడా నోట రాలేదు.

ఆ ఇంటామె నాగలక్ష్మమ్మ నీళ్లిచ్చింది.

"ఏమమ్మా, నిన్ను ఇడిసిపెట్టి పోయినారే మీవోళ్లు. ఇంతకీ ఏం చెప్పేకి వచ్చినారు?"

"గుర్తుకు రాలేదు తల్లీ" అన్నాను.

ఆమె నవ్వింది. "మంగళవారం మాకు మగ్గం పని ఉండదు. గుర్తు చేసుకోని రా. మైకు మాత్రం తేవద్దు."

అప్పటి నుంచి నాకు కూడు సయించడం లేదు. పడుకుంటే లేచి కూర్చుంటున్నాను. ఆ రోజు పారిపోలేక ఉండిపోయాను. రేపు మంగళవారం, నా అంతట నేనే పోవాలి. మా ఆయన చనిపోయిన ఏడాది నేను బావిలో దూకబోతే ప్రభువు నన్నెట్లా ఆపాడో, అదొక్కటే చెబుతాను. ఆమె వింటుందో, పొమ్మంటుందో తెలియదు.

మీరు తోడు రావద్దు, ఎవరినీ పంపవద్దు. తెల్లారి మొదటి బస్సుకే పోతున్నాను. ఆ పూట నా కోసం ప్రార్థన చేయండి. మైకులో కాదు, మీ ఇంట్లో.