ముసలయ్య మామ గొంతులో గారె ముక్క

అమ్మకు, బారిడీహ్‌లో మేమంతా క్షేమం, కంగారు పడకు. ఫోనులో చెబితే చెల్లి భార్గవి వింటుందని కార్డు రాస్తున్నాను.

విమానంలో పనిచేసే మన భార్గవి సెలవుకి నా దగ్గరికి వచ్చిందిగా. అప్పట్నుంచీ కాలనీ అంతా దాని చుట్టూనే. ఇక్కడి ఉక్కు ప్లాంటు క్యాంటీన్లో పిండి పిసికే నన్ను పలకరించేవాళ్లే లేరు. నాకు కుళ్లుగానే ఉంది, నీ దగ్గర దాపరికమెందుకు?

ఆదివారం పక్కింటి ముసలయ్య మామ షష్టిపూర్తి భోజనాల్లో ఆయన గొంతులో గారె ముక్క అడ్డం పడింది. మాట రాలేదు, పెదాలు నల్లబడ్డాయి. నీళ్లు పట్టబోతున్నవాళ్లని భార్గవి ఆపి, మామను ముందుకి వంచి వీపు మీద ఐదుసార్లు గట్టిగా చరిచింది. ముక్క కదల్లేదు. వెనకనుంచి పొట్ట నొక్కబోయింది గానీ, ఆ పొట్ట చుట్టూ దాని చేతులు అందలేదు.

"అక్కా, నువ్వు పట్టు! బొడ్డుకి పైన పిడికిలెట్టి లోపలికీ పైకీ గుంజు!" అని అరిచింది.

గుంజాను. మూడోసారికి ముక్క ఊడి విస్తట్లో పడింది. ఆసుపత్రిలో కూడా చూపించాం, మామ బాగానే ఉన్నాడు.

గుంజింది నేనైనా, ఆయన భార్య చిలకమ్మత్త దండ తెచ్చి చెల్లి మెడలోనే వేసింది. "ఏటి చదువమ్మా నీది! మా ముసిలోణ్ణి బతికించీసినావు" అంది. "నాను కాదత్తా, అక్కే" అని చెల్లి అంటున్నా ఎవరూ వినలేదు. అది అలా అనడంతో నాకు ఇంకా మండింది.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటొస్తే ఎండు చేపలు పంపు. దానికి కాదు, నాకు.

భార్గవి పై వారం అక్కడికి వస్తుంది. అది నా పేరే చెబుతుంది, నాకు తెలుసు. ఈలోగా నువ్వే నాన్నకి చెప్పెయ్యి. నా గొప్ప కూడా దాని నోటి మీదుగానే ఇంటికి చేరకూడదు.

ఇద్దరికీ దండాలు.

నీ పెద్దకూతురు ఉమ