హాలు గోడ రంగు ఎందుకు ఊడింది

చిరంజీవి కోడలు పిల్లకు,

అత్తయ్య ప్రేమతో దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ మామయ్య, ఆయన మోకాలి నొప్పి ముగ్గురం క్షేమంగా ఉన్నాం. మీరిద్దరూ కూడా, ఆ మూడోది లేకుండా, చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. నువ్వు కత్తిరించి పంపిన షేడ్ కార్డు ముక్కలు నా చేతిసంచిలోనే తిరుగుతున్నాయి. మామయ్యకి ఎలా ఉందని అడిగావు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. ఈయన దాన్ని ఏ పనీ చేయొద్దని అర్థం చేసుకున్నారు. మా పెయింటు కొట్లో సంగతులు అడిగావు. రంగులు కలిపే మిషను కొత్తది తెచ్చారు. మీట నొక్కితే చాలు, బొట్టు కూడా అటూ ఇటూ కాకుండా కలిపేస్తుంది. అయినా మా ఓనరు డబ్బా మూత తీసి, "అక్కా, ఒక్కసారి నువ్వు చూడు" అంటాడు. ఇరవై రెండేళ్లుగా రంగులు చూసిన కళ్లు మరి!

ఇక అసలు ప్రశ్న. "అత్తయ్యా, ఆ డిజైనర్ పెయింటు అంత డబ్బు పెట్టి కొనొచ్చా? మీ మాట మీదే వేయిస్తాను" అని రాశావు. నా మాట మీద అన్నావు చూడు, అక్కడే నా చేయి ఆగిపోయింది. ముందు కొట్లో కూర్చునే మనిషిగా జవాబు చెబుతాను. అత్తగా చెప్పాల్సింది ఆ తర్వాత.

ఖరీదైన రంగు మోసమేమీ కాదు. అందులో సరుకుంటుంది. రెండు పూతలకే గోడ నిండుతుంది, ఎండకు త్వరగా వెలిసిపోదు, తడిగుడ్డతో తుడిస్తే మరక పోతుంది. కానీ డబ్బా మీది అందమైన పేరుకి, ఆ నున్నటి కాగితం పుస్తకానికి కూడా మనమే ఖరీదు కడతాం. అదే రంగుని మామూలు మంచి రకంలో కలిపి పక్కన పెడితే, ఏది ఏదో చెప్పడానికి నేనే తడబడతాను.

పోయినేడాది ఒక వకీలుగారు వచ్చి, "కొట్లో అన్నిటికంటే ఖరీదైనది ఇవ్వండి" అన్నారు. గోడ చెమ్మగా ఉందని మాటల్లో తెలిసింది. "ముందు లోపల కారే పైపు బాగు చేయించి, గోడ ఆరనివ్వండి సార్" అన్నాను. "అంత మంచి రంగు చెమ్మని ఆపదా?" అని నా మీదే వాదించారు. రెండు నెలలకి గోడంతా బొబ్బల్లా లేచింది. కొట్టుకొచ్చి రంగుని తిట్టిపోశారు. జ్వరం ఒంట్లో పెట్టుకుని పట్టుచీర కట్టుకుంటే తగ్గుతుందా?

ఇంకొకావిడ నర్సు. అన్నీ రాత్రి డ్యూటీలే. "నాకు పగలే రాత్రి కావాలండీ, కళ్లు మూసుకున్నా గోడలు మెరుస్తున్నాయి" అంది. ఆవిడకి మాత్రం మెరుపు లేని ముదురు నీలం, ఖరీదైన రకమే ఇచ్చాను. చవక రకంలో ముదురు రంగు చారలు పడుతుంది. నెల తర్వాత పనిగట్టుకుని వచ్చి, "నిద్ర పడుతోందమ్మా" అని చెప్పి వెళ్లింది. ఆవిడకి అది దండగ కాదు.

కాబట్టి గోడని చూసి, ఆ గోడల మధ్య బతికే మనిషిని చూసి కొనాలి. మీ వంటింటికీ, చేతులు తగిలే స్విచ్చుల చుట్టూ కడిగినా తట్టుకునే రకం వేయించు. హాలుకి ఇప్పుడున్నదే చాలు. నువ్వు ముచ్చటపడిన ఆ బూడిద కలిసిన ఆకుపచ్చ అందంగానే ఉంది, కానీ మీ హాల్లోకి ఎండ రాదు, అక్కడ దిగులుగా కనిపిస్తుంది. పడకగదికైతే ఓ అట్ట మీద పూసి, రెండు రోజులు గోడకి ఆనించి చూసుకో.

"హాలుకి ఉన్నదే చాలంటారేంటి, అది ఊడిపోయింది కదా!" అంటావు. అక్కడికే వస్తున్నాను.

నాలుగు నెలల క్రితం నువ్వు ట్రైనింగుకని పది రోజులు వెళ్లినప్పుడు నేను మీ ఇంట్లో ఉన్నాను కదా. ఒక మధ్యాహ్నం తలకి నూనె దట్టంగా పట్టించి, హాల్లో గోడకి చేరగిలబడి పుస్తకం చదువుతూ కునుకు తీశాను. లేచి చూస్తే మీగడలాంటి ఆ గోడ మీద అరచేయంత నూనె మరక. నువ్వు దానికి మేకు కూడా కొట్టనివ్వవు. సబ్బునీళ్లతో తుడిస్తే ఇంకాస్త పరుచుకుంది. బాత్రూం కడిగే మందు పోసి, గిన్నెలు తోమే పీచుతో బరబరా రుద్దాను. "మెత్తటి గుడ్డతో తుడవండి, గట్టిగా రుద్దకండి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పే మనిషిని, నేనే! రంగు పోయి కింద నున్నగా పూసిన లప్పం బయటపడింది. అరచేయంత మరక పళ్లెమంత అయింది. కుర్చీ అడ్డం పెట్టి ఊరుకున్నాను.

నువ్వు వచ్చి కుర్చీ జరిపావు. "ఇదేంటత్తయ్యా, ఇలా ఊడింది?" అన్నావు. నేనేమన్నానో నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. "చవక రంగు కదమ్మా, అంతే ఉంటుంది" అన్నాను. తల్లీ, అది మంచి రంగు. నేనే ఏరి ఇచ్చాను. నీ మొగుడు మూడు రోజులు సెలవు పెట్టి, నిచ్చెనెక్కి, నీకోసం వేసిన రంగు. నువ్వు వాడివైపు తిరిగి, "నేను ముందే చెప్పాను, అన్నిట్లోనూ నీది ఇదే కక్కుర్తి" అన్నావు. వాడు "అవును, నాదే తప్పు" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

పోనీలే, నాలుగు రోజుల్లో మరిచిపోతారనుకున్నాను. ఆ గోడ చూసినప్పుడల్లా మీ ఇద్దరికీ మాట పెరుగుతోందనీ, నీ పైచదువు ఈ ఏడాదికి ఆపి ఆ డబ్బుతో ఇల్లంతా ఖరీదైన రంగు వేయిద్దామనుకుంటున్నాననీ నువ్వు రాశాక, ఇక దాచలేకపోయాను.

నిన్న వాడికి ఫోను చేశాను. "ఒరేయ్, ఆ గోడ రుద్దింది నేనురా" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. "ఆ రోజు బకెట్లో పీచు చూశాను. రంగంతా దానికే ఉంది."

"మరి అమ్మాయికి ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు దాచావంటే ఎంత సిగ్గుపడి ఉంటావో కదా. తన ముందు నువ్వు తల దించుకుంటే నేను చూడలేను. నన్ను నాలుగు మాటలంటే పోయేదేముంది?"

"నాలుగు నెలలు పోయాయి కదరా" అన్నాను. "నేను చెప్పనా?" అన్నాడు. నువ్వు నోరెత్తకు, ఇది నా పని అని పెట్టేశాను.

కొత్త రంగు వచ్చినప్పుడల్లా నాకే ముందు ఫోను చేసి అడుగుతావు. నలుగురిలో "మా అత్తయ్యకి తెలియని రంగు లేదు" అంటావు. ఆ మాట పోతుందని భయపడ్డాను, అంతే. దాన్ని కాపాడుకోవడానికి నా కొడుకుని నీ దగ్గర చిన్నబుచ్చాను. నన్ను క్షమించు. వాడి మీద ఇంకా కోపం మిగిలి ఉంటే అది నాకు పంపించు, నేను పుచ్చుకుంటాను. చదువు మాత్రం ఆపకు. ఫారం ఇవాళే నింపు.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. లప్పం, బ్రష్షు, చిన్న డబ్బా రంగు నేనే తెస్తాను. ఆ ముక్క వరకు నా చేత్తో నేనే వేస్తాను. పాత రంగు పక్కన కొత్తది కాబట్టి అతుకు కొంచెం కనబడుతుంది, ఎంత ఖరీదు పెట్టినా అది తప్పదు. ఎవరైనా అడిగితే దాచకు. మా అత్తయ్య చేసిన పని అని చెప్పు.

ఇట్లు,
నీ ముఖం ఎలా చూడాలా అనుకుంటూనే బయల్దేరుతున్న
అత్తయ్య