ఏ ఊరు నొక్కినా ఉప్పునుంతలే

మంగళవారం, వనపర్తి

ఎరువుల దుకాణాలకు నేను రాసిన యాప్‌లో పొద్దున మల్దకల్ నొక్కినా, పెద్దమందడి నొక్కినా ఉప్పునుంతల సరుకే కనిపించింది. మా ఆఫీసు మేనేజర్ అందరి ముందూ "నీతోని కాదమ్మా, హైదరాబాదోళ్లకు ఇచ్చెయ్" అన్నాడు.

"ఎందుకియ్యాలె సార్? నేనే సరిజేస్త" అన్నాను.

ఒక్కో బటన్ నొక్కితే నడిచే ఫంక్షన్ తన ఊరి పేరును దాచుకుంటుందనుకున్నాను. కాదు, అన్నీ బయటున్న, పేరు పెట్టే డబ్బాలాంటి ఒకే వేరియబుల్‌ను పట్టుకున్నాయి. ఊరూరికీ బటన్ తయారుచేసే లూప్ తిరగడం ఆగేసరికి అందులో మిగిలింది చివరి ఊరు, ఉప్పునుంతల. ఎప్పుడు నొక్కినా దాన్నే చదువుతున్నాయి. లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త వేరియబుల్ పుట్టేలా మార్చాను. ఏ ఊరికి ఆ ఊరి సరుకే వచ్చింది.

మేనేజర్ చూసి, "గిది నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు.

రేపు ఆ కోడ్ ఫైల్ పైన నా పేరు రాస్తాను. తీసెయ్యమంటే... అననీ, చూద్దాం. తప్పు బయటపడ్డప్పుడు మాత్రం ఎవరు చెప్తే చేశావని అడగలేదు కదా!