మంచి రేకు మీద చాక్‌పీస్

2024 జూలై 3, బుధవారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. నా భార్య కోకిలకు తమిళమే. కూతురు జననికి తమిళం, ఇంగ్లీషు. ఆర్.కె.పేటలో నేను చదివిన తెలుగు మీడియం ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది.

మా తోడల్లుడు హేమనాథ్ వీడియో లక్ష వ్యూస్ దాటిందట. కోకిల అన్నం వడ్డిస్తూ చెప్పింది. చెల్లెలి మొగుడి సంగతి వస్తే ఆమె గొంతే వేరు. సాంబారులో ఉప్పు ఎక్కువైందన్నాను. ఎక్కువ కాలేదు.

వాడికి గ్యాస్ వెల్డింగ్ నేర్పింది నేను. తిరువళ్లూరులో ఏసు మేస్త్రి దగ్గర ఇద్దరం టింకరింగ్ నేర్చుకున్నాం. నేను నాలుగేళ్లు సీనియర్‌ని. ఇప్పుడు అదే తిరువళ్లూరులో మెయిన్ రోడ్డు మీద వాడికి పెద్ద షెడ్డు, పైన ఇంగ్లీషు బోర్డు, వింటేజ్ కార్ రెస్టోరేషన్ అని. మద్రాసు నుంచి డాక్టర్లూ ఆడిటర్లూ పాత కార్లు తెచ్చి వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. నేను తిరుత్తణిలో షేర్ ఆటోల మడ్‌గార్డులు సాపు చేస్తున్నాను.

నాకు కుళ్లు. ఇంకో మాట దొరకడం లేదు.

జూలై 6, శనివారం

హేమనాథ్ ఫోన్ చేశాడు. ఆర్.కె.పేట రోడ్డులో ఒక అంబాసిడర్ ఉందట, 62 మోడల్, మార్క్ వన్. బాగు చేయవచ్చో లేదో చూడాలి. అన్నా, తుప్పుకి నీ చెయ్యే చెయ్యి, నువ్వు తట్టి గుర్తులు పెట్టు సాలు, మిగిలింది నేను చూసుకుంటా అన్నాడు.

మిగిలింది అంటే బోర్డు, కెమెరా, పేరు.

సరే అన్నాను.

జూలై 7, ఆదివారం, సాయంత్రం ఆరు

వెళ్లి చూసి వచ్చాను.

బండి తంగరాజుది. తిరుత్తణి బస్టాండులో ముప్ఫై ఏళ్లు టాక్సీ తోలినవాడు, నాకు తెలిసినవాడే. పోయి నాలుగేళ్లయింది. ఇంటి పక్క కొట్టంలో బండి అలాగే ఉంది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పెద్దకూతురు ప్రియదర్శిని ఒక కంపెనీలో క్వాలిటీ చెకింగ్ పని చేస్తుంది. మా ముగ్గురినీ సదివించింది ఈ బండే మామా, అయితాదా కాదా ఒక్క మాట సెప్పండి అంది. పాత ఇనుము వాడు రెండుసార్లు వచ్చి పోయాడట. కాదంటే వాడికి ఇచ్చేస్తుందట. రోజూ దీన్ని చూసి బాధపడేది ఇంక తన వల్ల కాదంది.

తుప్పు బండికి మేస్త్రి నేర్పిన పద్ధతి ఒకటే. చిన్న సుత్తితో జానెడు జానెడుకీ తట్టాలి. మంచి రేకు ఖంగుమంటుంది. చచ్చిన రేకు బొదబొదమంటుంది. చచ్చిన చోట చాక్‌పీస్‌తో ఇంటూ గుర్తు పెట్టాలి. గుర్తున్న రేకును కోసి పారేసి కొత్తది అతుకుతారు. ఒకరు గుర్తు పెట్టాక రెండో మనిషి మళ్లీ తట్టకూడదు. తట్టేకొద్దీ తుప్పు రేకు రాలిపోతుంది, అదొక కారణం. అసలు కారణం వేరు. గుర్తును నమ్మకపోతే మనిషిని నమ్మనట్టే అనేవాడు మేస్త్రి. ఆయన షెడ్డులో అది చట్టం.

ఫ్లోర్ మొత్తం పోయింది. డిక్కీ పోయింది. తలుపుల కింది రేకు వేలు పెడితే ఊడి వచ్చింది. ఇవన్నీ కొత్తవి వేయవచ్చు. చూడవలసింది కప్పును మోసే నాలుగు పిల్లర్లు. తట్టాను. నాలుగూ మోగాయి, పైనుంచి కింది దాకా. అరవై రెండేళ్ల బండికి అలాంటి పిల్లర్లు నేను ఎన్నడూ చూడలేదు. దీన్ని బాగు చేయవచ్చు. సందేహం లేదు.

ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాను. ఈలోగా ఆ పిల్ల అంది, హేమనాథ్ సార్ వీడియోలన్నీ సూసినా మామా, ఆయన సెయ్యి పడితే సచ్చిన బండి కూడా లేస్తాది.

వాడు సార్. నేను మామా.

ఒక పిల్లర్ మీద ఇంటూ పెట్టాను. ఒకటే పోయిందంటే నమ్మరని రెండో దాని మీదా పెట్టాను. తర్వాత మిగిలిన రెండూ. పిల్లర్లు పోయినాయమ్మా, ఇనుముకి ఇచ్చేయ్ అని చెప్పాను.

ఆమె కాసేపు బండి మీద చెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత ప్రతి గుర్తుకూ ఫోటో తీసి హేమనాథ్‌కి పంపింది. ఇంగొకరైతే పని కోసరం అయితాదనే సెప్పుంటారు, మీరు నిజం సెప్పినారు మామా అంది. బస్టాప్ దాకా స్కూటీ మీద దింపింది.

జూలై 8

నిద్ర బాగా పట్టింది. అది కూడా రాయాలి.

జూలై 15, సోమవారం

బండి పాత ఇనుము కొట్టుకు పోయి ఉంటుందని అనుకున్నాను. పోలేదు. శనివారం హేమనాథ్ లారీ పెట్టి తిరువళ్లూరు తీసుకుపోయాడట. పిల్లర్లు నాలుగూ పోతే ఏమి, నాలుగూ కొత్తవి చేస్తానని ఆ పిల్లకు మాటిచ్చాడట. దాని మీద వరసగా వీడియోలు తీస్తాడట, అందరూ వద్దన్న బండి అని పేరు పెట్టి.

అందరూ అంటే నేనొక్కడినే.

నేను ఎంత చెడ్డగా గుర్తులు పెడితే వాడు అంత గొప్పవాడవుతాడు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. కోకిల మాత్రం సంతోషంగా ఉంది. ఈసారి వీడియోలో మీ పేరు కూడా సెప్తాడంట అంది.

జూలై 18, మధ్యాహ్నం మూడు

వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నా ఇంటూ గుర్తు, పక్కనే వాడి కటింగ్ టార్చ్. అన్నా, గుర్తు పెట్టినకాడికి కోసేస్తా, సరేనా అని వాయిస్ మెసేజ్.

వద్దు అని టైప్ చేశాను. చెరిపేశాను. ఇంకోసారి తట్టి చూడు అని టైప్ చేశాను. అలా రాస్తే నన్ను నేను పట్టిచ్చుకున్నట్టే. అదీ చెరిపేశాను. చివరికి బొటనవేలు బొమ్మ పంపాను.

జూలై 22

వాడికి నేను ఫోన్ చేయలేదు.

జూలై 29, సోమవారం, ఆడి కృత్తిక

ఊరంతా కొండ మీది గుడికి పోయే కావళ్లు. షెడ్డు ముందు రోడ్డు మూసేశారు, పని లేదు. తిరువళ్లూరు పోయి వాడి ముఖం మీదే చెప్పేద్దామని పొద్దున చొక్కా వేసుకున్నాను. రద్దీలో బస్సులు దొరకవని నాకు నేనే చెప్పుకుని విప్పేశాను.

రైళ్లున్నాయి. ఈరోజుకని స్పెషల్ రైళ్లు కూడా వేశారు.

ఆగస్టు 2, శుక్రవారం

బండి మడత పడింది.

నాలుగు పిల్లర్లూ కోశాక, కప్పు దిగకుండా లోపల ఇనుప యాంగిళ్లు అడ్డం పెట్టి వెల్డ్ చేశాడట. ఫ్లోర్ వేయడానికని చైన్ బ్లాక్‌తో పైకెత్తారు. నడిమికి విరిగి కప్పు కూర్చుండిపోయింది. ఇక దానికి వైద్యం లేదు. కోకిల చెల్లెలు ఫోన్‌లో ఏడ్చింది. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాను. లేదంది. ఇంకోసారి అడిగాను.

వరస తప్పకుండా రాయాలి. ముందు సంతోషం వేసింది. భయం తర్వాత వచ్చింది.

ఆగస్టు 3, శనివారం

వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని.

కోసిన పిల్లర్ ముక్కలు గోడవార పడి ఉన్నాయి. హేమనాథ్ ఒక ముక్క తీసి కోసిన అంచు మీద బొటనవేలితో రుద్దాడు. కొత్త పళ్లెంలా తళతళలాడింది. ఎక్కడా తుప్పు లేదు. నా ఇంటూ గుర్తు సరిగ్గా ముక్క నడుమ ఉంది. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

పనివాళ్లు నలుగురు చుట్టూ ఉన్నారు. వాళ్లలో ఒకడు, వేల్‌మురుగన్, ఇదేందన్నా రేకు ఇంత బాగుండాదే అని అడిగాడు. హేమనాథ్ ఆ ముక్కను గుర్తు కనబడకుండా నేల మీద బోర్లించాడు. తప్పు నాదేలేరా, అన్న పెట్టిన గుర్తు దాటి కోసేసినా అన్నాడు.

నాకు టీ తెప్పించాడు. తాగాను. రెండు మాటలైనా అడుగుతాడని సాయంత్రం దాకా కూర్చున్నాను. అడగలేదు. స్టేషన్‌లో దింపి, వదిన్ని అడిగినానని సెప్పన్నా అన్నాడు.

ఆగస్టు 5, సోమవారం

వాడు వీడియో పెట్టాడు. విరిగిన బండి పక్కన నిలబడి, తప్పంతా తనదేనని, గుర్తు దాటి కోశానని, ప్రియదర్శిని కుటుంబం తనను మన్నించాలని రెండు చేతులూ జోడించాడు. రెండు నిమిషాల వీడియో. కోకిల మూడుసార్లు చూసి కళ్లు తుడుచుకుంది. మనిషంటే అట్లుండాల అంది.

నేను కింద కామెంట్లు చదివాను. ఇంత నిజాయితీ ఈ కాలంలో యాడుందన్నా అని ఒకడు. మా తాత జీపు నీకే ఇస్తాం అని మింజూరు నుంచి ఇంకొకడు. ఈ వీడియో రెండు లక్షలు దాటింది.

ఆగస్టు 6, మంగళవారం

ఓర్చుకోలేక ప్రియదర్శిని ఇంటికి పోయాను. నిజం చెప్పేద్దామని. పాపభయం కొంత. కామెంట్లు ఎక్కువ.

అంతా చెప్పాను. పిల్లర్లు నాలుగూ మోగాయి, తెలిసే గుర్తు పెట్టాను, హేమనాథ్ గుర్తు దాటలేదు, కుళ్లుతో చేశాను. ఆ మాట కూడా పైకే అన్నాను. ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పని మాట. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆ పిల్ల ఖాళీ కొట్టం వైపు చూస్తూ విన్నది. తర్వాత మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తమ్ముడి పేరు పోగూడదని ఇంత దూరం వచ్చి తప్పు మీ మింద ఏసుకుంటా ఉండారా మామా అంది. మీరు మొదుట్నే వద్దన్నారు, నేనే వినకపోతిని అంది.

కాదమ్మా, నిజంగా నేనే అన్నాను. ఒట్టు వేశాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఆ సారూ మంచోరే, మీరూ మంచోరే, మా నాయిన బండికే రాత లేదు అంది.

ఆగస్టు 8

నా చేతులారా చేసిన తప్పు. అదీ వాడిదే అయింది.