పళ్ల మధ్య సందుకు ఎవరి సంతకం?

ప్రియమైన అక్కా,

ఫోటో చూసి నేను గీసిన ముఖం ఎవరి సొంతం? పదిహేనేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. నువ్వేమో పదిహేనేళ్లుగా "ముందు సంతకం పెట్టించు, తర్వాత తీరిగ్గా ఆలోచించు" అంటున్నావు, లాయరువి కదా.

ఈ వారం ఒక బ్యాంకు మేనేజరు వచ్చింది. వాళ్లమ్మకు డెబ్బై నిండుతున్నాయట, చెప్పకుండా బొమ్మ గీయించి ఇవ్వాలట. వాళ్లమ్మ పాత ఫోటో చూడగానే నా చెయ్యి ఊరుకోలేదు. కుట్టుషాపు గుమ్మంలో ముప్పై దాటిన టైలరమ్మ, మెడలో టేపు, తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతోంది. ముందు పళ్ల మధ్య చొక్కా గుండీ దూరేంత సందు. "అది మాత్రం మూసెయ్యండి" అంది మేనేజరు.

నువ్వు రాసిచ్చిన ఒప్పందం ముందు పెట్టాను. 'ఫోటో తీసినవారు' అన్న గడి దగ్గర ఆగి, "ఎవరో తీసుంటారు లెండి" అనేసింది. ఫోటో వెనక ఒక స్టూడియో ముద్ర ఉంది. వచ్చే నెల నా మొదటి ప్రదర్శన. నడిమి గోడ ఈ నవ్వు కోసమే ఖాళీగా ఉంచాను. అనుమతి రాకపోతే అక్కడ ఉత్త సున్నం గోడే చూపించాల్సింది.

నీ చెల్లి

*

సందేహాల పుట్టా,

నువ్వు తేల్చుకునేలోపు ఆవిడకు ఎనభై నిండుతాయి. అయినా ఈసారి నీ సందేహమే రైటు. ఆ పెళ్లిజంట బొమ్మ గుర్తుందా? తనని అడక్కుండా గీశావని ఫోటో తీసినతను గుమ్మంలో కేకలేస్తుంటే వంటింట్లో దాక్కుని నాకు ఫోన్ చేశావు. అతన్ని బతిమాలింది ఎవరు? నేను! కాబట్టి ఆ స్టూడియో ఆయన్ని పట్టుకో. నోటిమాట వద్దు, కాగితం మీద కావాలి. వేళకు తిను.

మీ అక్క

*

ప్రియమైన అక్కా,

దొరికారు! స్టూడియో మూసేసి, ఇంటి వరండాలో పాత కెమెరాలు తుడుచుకుంటున్నారు. "మా పక్కషాపు టైలరమ్మ! ఆ సందులోంచి ఈల వేస్తే మలుపు తిరిగిన బస్సు కూడా ఆగేదమ్మా. కెమెరా నాదే, ఫిలిం కడిగింది నేనే. తీసిందీ నేనే అయ్యుంటాను" అంటూ సంతకం పెట్టి, కింద షరతు రాశారు: పళ్ల జోలికి పోకూడదు.

అది చూసి మేనేజరు ముఖం ఎర్రబడింది. "బళ్లో పిల్లలు మా అమ్మ పళ్లు చూసి వెక్కిరించేవాళ్లు. మూస్తేనే బొమ్మ, లేకపోతే వద్దు" అంటూ 'పళ్లు మూయాలి' అని తనూ రాసి సంతకం పెట్టింది. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి, ఇద్దరి మాటా నిలబెట్టలేను. ఏం చెయ్యనక్కా?

నీ చెల్లి

*

చిట్టితల్లీ,

ఒప్పందం మళ్లీ చదివాను. రాసింది నేనేనని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఫోటో తీసినవారికి గడి ఉంది, గీయించుకునేవారికి ఉంది, గీసేదానివి నీకూ ఉంది. ముఖం ఎవరిదో వాళ్లకు లేదు! పదిహేనేళ్లు ఇద్దరం చదువుకున్నవాళ్లమని తిరిగాం. ఆవిడ నిక్షేపంగా ఉందిగా? వెళ్లి అడుగు. గడి చేత్తో గీసి పంపుతున్నాను. వంకరగా ఉందని నవ్వావో, చూడు.

మీ అక్క

*

ప్రియమైన అక్కా,

మేనేజరు రెండు రోజులు సణిగి ఒప్పుకుంది. ఇద్దరం వెళ్లాం. టైలరమ్మ కాగితమంతా వేలు పెట్టి చదివి, "నా మొహానికి ఇన్ని రాతకోతలా!" అని నవ్వింది. సందు అలాగే ఉందక్కా.

స్టూడియో ఆయన సంతకం దగ్గర వేలు ఆగింది. "ఈయనెందుకు పెట్టాడు? కెమెరా ఈయనదే గానీ, మీట నొక్కింది ఇదిగో, ఇది" అంటూ కూతుర్ని చూపించింది. "ఆరేళ్లప్పుడు ముందు పళ్లూడితే నోరు మూసుకుని ఒకటే ఏడుపు. నాకూ సందుంది చూడవే అని ఈల వేశాను. ఏడుపు ఆపేసి, ఆయన చేతిలోంచి కెమెరా లాక్కుని నొక్కేసింది. మర్చిపోయావటే?"

"నేనా?" అంది మేనేజరు.

వాళ్లమ్మ అక్కడికక్కడే ఈల వేసింది. వీధిలో సైకిలు మీద పోతున్నాయన కాలు నేలకానించి వెనక్కి చూశాడు. మేనేజరు కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, 'పళ్లు మూయాలి' అన్న వాక్యాన్ని తనే కొట్టేసింది. టైలరమ్మ నీ వంకర గడిలో సంతకం పెట్టి తన షరతూ రాసింది: ప్రదర్శన రోజు బొమ్మ పక్కనే కుర్చీ వెయ్యాలి.

వేశాను. నిన్న ప్రదర్శనలో గదంతా ఈలలే ఈలలు.

'ఫోటో తీసినవారు' గడిలో ఇప్పుడు రెండు పేర్లున్నాయి. బొమ్మ కింద మూలన నా పేరు రాయబోయి, కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కెమెరా ఒకరిది, వేలు ఒకరిది, నవ్వు ఇంకొకరిది. నాకెంత వాటా ఉందో నిజంగా తెలియదక్కా. ఆ మూల ఇంకా ఖాళీగానే ఉంది.

నీ చెల్లి