మేకుకు వేలాడిన రొట్టె

వఖ్ష్ లోయ,
జూన్ 1992

నాయనా షోదీ,

పద్దెనిమిదేళ్ల కిందట సైన్యానికి వెళ్తూ, క్షేమంగా తిరిగిరావాలనే మన ఆచారం ప్రకారం మా ఇంట్లో రొట్టె కొరికావు. నీకు తల్లి లేదని నా భార్య నిసో తన చేత్తో కాల్చిన రొట్టె అది. "తిరిగొచ్చి మిగతాది నేనే తింటానమ్మా, అందాకా మేకు మీంచి తియ్యకు" అని మాటిచ్చావు. తిరిగొచ్చావు. అప్పటికి నన్ను బడి నుంచి తీసేశారు. కూలోబ్ కొండల నుంచి మీవాళ్లను, ఘర్మ్ కొండల నుంచి మావాళ్లను లారీలెక్కించి ఈ పత్తి చేలల్లో దింపింది బలవంతంగానేనని పాఠంలో చెప్పాను కదా, అదీ నా నేరం. పైవాళ్లకు కోపం వస్తుందని నువ్వు మా గుమ్మం తొక్కలేదు. నిసో పోయింది. రొట్టె ఇంకా గుడ్డలో, మేకుకే ఉంది.

ఇప్పుడీ యుద్ధంలో నువ్వు మీవాళ్ల సేనకు నాయకుడివి. ఇవాళ నీ మనిషి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "శనివారంలోగా వెళ్లిపొమ్మన్నారు మాస్టారూ. మీకు కారు పంపిస్తారట" అన్నాడు.

"మరి ఊళ్లోవాళ్లు?"

"ఆ సంగతి మీ సైఫిద్దీన్‌కి ముందే కబురు చేశారట."

నా కొడుకు నీతో బేరమాడతాడా? అబద్ధం. "మీ నాయకుడికి ఇక్కడిదాకా రావడానికి కాళ్లు లేవా?" అన్నాను.

"ఉన్నాయి గానీ, మిమ్మల్ని చూస్తే వణుకుతాయట."

నవ్వొచ్చింది. టీ ఇచ్చి పంపాను. కారెక్కను. అది మొదట రాసుకో.

నిన్న సైఫిద్దీన్ కూడా వచ్చాడు. "ఎవరు గెలుస్తారు నాన్నా?" అని అడిగాడు. మీరిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని నా దగ్గర చరిత్ర చదువుకున్నవాళ్లు. వాడికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. నీ వైపు ఆయుధ డిపో ఉంది, ఇనప రేకులు తొడిగిన ట్రాక్టర్లున్నాయి, కూర్చోమంటే కూర్చునే మనుషులున్నారు. పిండిమర మాత్రం లేదు, అది మా ఊళ్లో ఉంది. మా వైపు మర ఉంది, నమాజు ఉంది, నలభై ఏళ్ల కోపం ఉంది. వేట తుపాకులు ముప్పై దాటవు. పైగా మాలో ప్రతివాడూ సేనాపతే. కాలవ వంతెన దగ్గర కాపలాకు మాత్రం ఒక్కడూ దొరకడు. రాజధాని మైదానంలో సైఫిద్దీన్ నోరు విప్పితే వెయ్యిమంది లేస్తారు. నిన్ను చూసి ఎవడూ లేవడు, కానీ నువ్వు నిలబెట్టినవాడు చచ్చేదాకా నిలబడతాడు. నీ లోపం ఒక్కటే. పై అధికారికి 'కాదు' అని చెప్పడం నీకు చేతకాదు. దానికి నీకు సున్నా వేశాను. ఆ ధైర్యం నా కొడుకు దగ్గరుంది.

శనివారం రా. నీ రొట్టె దించి పెడతాను. అది తినకుండా ఈ ఊరి మీద చెయ్యెత్తావంటే, మీ కూలోబ్‌లో కూడా ఏ తల్లీ నీకు రొట్టె పెట్టదు.

నీ మాస్టారు,
అబ్దునజర్


ఘర్మ్ కొండలు,
సెప్టెంబర్ 1992

షోదీ,

ఆ శనివారం నువ్వొక్కడివే వచ్చావు. టీలో ఎంత నానబెట్టినా రొట్టె రాయిలాగే ఉంది. ఆఖరి ముక్కకి నీ పన్ను విరిగింది. "అమ్మ పగ తీర్చుకుంది మాస్టారూ" అని నవ్వావు. నేనూ నవ్వాను. అంతలో కిటికీలోంచి వీధి చూశావు. ఆడవాళ్లు తందూరు దగ్గర పిండి తడుపుతున్నారు.

"వీళ్లంతా ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?"

"ఎక్కడుండాలి మరి?"

"సైఫి చెప్పలేదా? శనివారం దాకా వంతెన తెరిచి ఉంచుతాను, ఆడవాళ్లనీ ముసలివాళ్లనీ పంపించెయ్యరా అన్నాను. లారీలు తెస్తానని నా మనిషి ముందు రొట్టె మీద చెయ్యేసి ఒట్టేశాడు మాస్టారూ!"

తర్వాత జరిగింది నీకు తెలుసు. లారీలు రాలేదు. మేం నడిచాం. ఆదివారం సాయంత్రం దాకా నువ్వు వంతెన మీద నిలబడ్డావు. వైర్‌లెస్‌లో నీ పై అధికారి అరుస్తుంటే, "కాదు, ఆఖరి మనిషి దాటేదాకా కదలను" అన్నావు. నా చెవులతో విన్నాను. అందుకే నీ పదవి ఊడబెరికారట. ఇన్నేళ్లలో నేను ఎవరి మార్కూ దిద్దలేదు. నీది దిద్దుతున్నాను.

నడవలేని పదకొండుమంది వెనకే ఉండిపోయారు. వాళ్లలో మా అక్క ఒకతె. సోమవారం మీవాళ్లు ఊరు తగలబెడితే వాళ్లూ కాలిపోయారు.

మొన్న సైఫిద్దీన్ ఇక్కడికి వచ్చాడు. నీ కబురు అందిందా అని అడిగాను. అందిందన్నాడు. "ఊరు ఖాళీ చేస్తే మన చేతిలో ఏం మిగులుతుంది నాన్నా? మైదానంలో ఏం చెప్పి జనాన్ని లేపను?" అన్నాడు. వెళ్తూ, కొరకడానికి రొట్టె అడిగాడు. ఇంట్లో ఉంది. ఇవ్వలేదు.

వంతెన మీద నేను కొరికి నీ చేతిలో పెట్టిన రొట్టెను మేకుకు వేలాడదియ్యి. ఎవరి రాజ్యమైనా రానీ, ఎవడైనా అడ్డం నిలబడనీ, నేను వచ్చి అది తింటాను. పళ్లు లేకపోతే నానబెట్టుకుని తింటాను. మా ఊరిని ఎవరు పాడుచేశారంటే జనం చాలా పేర్లు చెబుతారు, నీ పేరూ చెబుతారు. నన్నడిగితే మాత్రం ఒక్క పేరే చెబుతాను. సైఫిద్దీన్.

నీ మాస్టారు,
అబ్దునజర్