బొట్టు పెట్టిన రాయి

జూన్ 14, శనివారం

చేరి రెండు నెలలు. బుకింగ్‌లు సున్నా. పొద్దున మీటింగ్‌లో మేనేజర్ అమరేందర్ సార్ నన్ను నిలబెట్టి, ఆషాఢం వచ్చేలోపు ఒక్క ప్లాటైనా అమ్మకపోతే ఇంటికి పొమ్మన్నారు. ఆషాఢంలో ఎవరూ భూమి కొనరు కాబట్టి నాకు జీతం ఇవ్వడం దండగట. అందరూ ఫోన్లు చూసుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది.

ఈ ఉద్యోగం పోతే మళ్లీ బట్టల షాపే. అక్కడ పన్నెండు గంటలు కూర్చోనివ్వరు.

జూన్ 15, ఆదివారం

మా టీమ్ లీడర్ భవాని అక్క వెంట సైట్‌కు వెళ్లాను. బడంగ్‌పేట్ నుంచి ఒక జంట వచ్చారు. ఊరికే చూసి పోతామని ఆయన దారంతా చెబుతూనే ఉన్నాడు. అక్క కాదనలేదు. రేటు ఒకసారి చెప్పి, మంచినీళ్ల సీసా ఇచ్చింది. ఆయన బేరం మొదలుపెట్టకముందే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పసుపు కుంకుమ పొట్లం తీసి ఆయన భార్య చేతిలో పెట్టింది. కొనకపోయినా ఫికర్ లేదు, భూదేవి కదా, హద్దు రాయికి జర బొట్టు పెట్టమంది.

ఆమె చెప్పులు విడిచింది. రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి మొక్కింది. లేచేసరికి ముఖం మారిపోయింది. వంటిల్లు ఎటు వస్తుందని భర్తను అడిగింది. ఆయన బేరం మరిచి టోకెన్ అడ్వాన్సు కట్టాడు.

బొట్టు పెట్టిన భూమిని కాదని లేచి రావడం మన ఆడవాళ్ల వల్ల కాదు. మా అమ్మ అయినా అంతే, నేనైనా అంతే. వచ్చేటప్పుడు కారులో అక్క హాయిగా నిద్రపోయింది. ఈమె దేవతో దొంగో తెలియడం లేదు. ఏదైనా సరే, నేర్చుకోవాలి.

జూన్ 18, బుధవారం

పొద్దటినుంచి కాల్సే. ఒకాయన అంతా ఓపికగా విని, రాంగ్ నంబర్ అన్నాడు.

జూన్ 20, శుక్రవారం

నాకు ప్లాట్ నలభై ఏడు ఇచ్చారు. తక్కువ రేటులో అదొక్కటే మిగిలింది. ఎందుకు మిగిలిందో నాకు తెలుసు, మాది పక్క ఊరే. చెరువు నిండి అలుగు దుంకిన ఏడాది ఆ మూలన మోకాల్లోతు నీళ్లు నిలిచాయి. సార్‌కు చెప్పాను. అయితే వానలు పడకముందే చూపించు అన్నారు.

జూన్ 22, ఆదివారం, సాయంత్రం 6

అమ్మేశాను.

అనంతమ్మ తుర్కయాంజాల్‌లో బడి పిల్లలకు వంట చేస్తుంది. కొండల్ అనే ఆయనతో వచ్చింది. నుదుట స్టిక్కర్ బొట్టు ఉంది. భార్యాభర్తలే అనుకున్నాను. రేటు చెప్పాను, నీళ్ల సీసా ఇచ్చాను, పొట్లం ఆమె చేతికి అందించాను. ఆమె చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. కొండల్ నేల చూస్తూ తాను తమ్ముణ్ననీ, బావ పోయి ఆరేళ్లయిందనీ చెప్పాడు. పొట్లం ఇటిమ్మన్నాడు, తానే పెడతాడట.

నాకు తల కొట్టేసినట్టయింది. అంతలో నా నోరు దానంతట అదే అంది:

"పైసలు నీయి, జాగ నీది. ఇంకెవ్వలు పెట్టాలె పెద్దమ్మా?"

ఆమె చెప్పులు విడిచి రాయి ముందు కూర్చుంది. కుంకుమ తీసి బొట్టు పెట్టి, రాయి మీద చేయి అలాగే ఉంచి ఏడ్చింది. కొండల్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆమె అక్కడే టోకెన్ కట్టింది.

ఆ మాట నా మనసులోంచి వచ్చిందా, టార్గెట్‌లోంచి వచ్చిందా? తెలియడం లేదు. నా మాటకు ఇంత బలం ఉందని మాత్రం ఇవాళే తెలిసింది. నన్ను చూసి నాకే భయం వేసింది.

ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. సార్ స్వీటు తినిపించారు.

జూన్ 23, సోమవారం

ముద్ద దిగడం లేదు. మధ్యాహ్నం ఆ బడికి వెళ్లి, నీళ్ల సంగతి అనంతమ్మకు చెప్పేశాను. టోకెన్ వాపస్ ఇప్పిస్తాను, ఆ ప్లాట్ వద్దని బతిమాలాను. బొట్టు పెట్టి ఎట్లా ఇడిసిపెడతానంది. నీళ్లొస్తే మట్టి పోయించుకుంటుందట. పైగా నా ముఖం పీక్కుపోయిందని కూర్చోబెట్టి, గుడ్డు వేసి అన్నం పెట్టింది. తిన్నాను. సిగ్గులేకుండా రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

జూన్ 24, మంగళవారం

భవాని అక్కకు అంతా చెప్పాను. కమీషన్‌లో ఆమెకూ వాటా ఉంది, తిడుతుందనుకున్నాను. ఆమెతోనే బొట్టు పెట్టించినవా అని ఒక్కటే అడిగింది. తర్వాత స్కూటీ తీసింది.

అనంతమ్మను సైట్‌కు తీసుకొచ్చాము. అక్క రాయి పక్కన మట్టిలోనే చతికిలబడింది.

"అక్కా, నువ్వు బొట్టు పెట్టింది రాయికి కాదు, భూదేవికి. ఆమె గీ నూరు గజాలల్లనే ఉంటదా? యాడ కొన్నా గా బొట్టు నీదే."

గాలికి సైట్ జెండాలు కొట్టుకుంటున్నాయి. అనంతమ్మ రాయిని చూసింది, దూరంగా గుట్టల దాకా చూసింది. చివరికి వంగి మొక్కి, పోయొస్తా తల్లీ అని లేచింది.

ఈ రెండు నెలల్లో నేను చూసిన బేరాల్లో పెద్ద క్లోజింగ్ ఇదే. అమ్మడానికి ఎంత విద్య కావాలో, విడిపించడానికి అంతకు రెండింతలు కావాలి. టోకెన్ వాపస్ ఇవ్వకపోతే తానూ మానేస్తానని అక్క సార్‌తో అంది. ఇచ్చేశారు. ఎందుకు చేశావని అడిగాను. ఆరేండ్లకు పెట్టిన బొట్టు మీద పైసలు తింటే అరగదంది. ఆదివారం అదే పొట్లంతో ఇంకో జంటను తీసుకెళ్తుందట. నవ్వుతూనే చెప్పింది.

జూన్ 26, గురువారం

ఆషాఢం. ఆఫీస్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు.

జూలై 3, గురువారం

బట్టల షాపులో మొదటి రోజు. కాళ్లు పీకుతున్నాయి.

అనంతమ్మ ఫోన్ చేసింది. శ్రావణం రాగానే జాగ కొంటుందట. నేనిప్పుడు చీరలు అమ్ముతున్నానని చెప్పాను.

"అయితేంది బిడ్డా. నువ్వు చూపెట్టిందే కొంట. నువ్వు చెప్పేదాక ఆగుత."

నా దగ్గర చూపించడానికి ఒక్క గజం కూడా లేదు.